లాక్‌డౌన్‌లో నెలలు నిండినవాళ్ళు ఎలా కన్నారు? చిత్తూరు, తిరుపతి వైపు వాళ్ళు రాయండి

చంద్రగిరి_కోడలు | చంద్రగిరి

లాక్‌డౌన్ మాట వస్తే మన వైపు అందరికీ ముందు గుర్తొచ్చేది తిరుమల కొండ మూసేయడం. 2020 మార్చి 20న భక్తులను ఆపేస్తే మళ్ళీ జూన్‌లో గానీ దర్శనాలు మొదలుకాలేదు. అలిపిరిలో మనిషి లేడు, లీలామహల్ సర్కిల్‌లో బండి లేదు అని ఫొటోలు పంచుకున్నాం. అవే రోజుల్లో నెలలు నిండి ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళ గురించి మాత్రం పెద్దగా ఎవరూ రాయలేదు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. మా పాప 2020 ఏప్రిల్‌లో పుట్టింది.

మూడో నెల నుంచి ఒకే ప్రైవేటు క్లినిక్‌లో చూపించుకున్నాను. లాక్‌డౌన్ మొదలయ్యాక చెకప్‌కి వెళ్తే షట్టర్ సగం దించి ఉంది. 'అత్యవసరమైతే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళగలరు' అని తెల్లకాగితం అంటించి ఉంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తొమ్మిదో నెలలో కొత్త డాక్టరును వెతుక్కోవాల్సి వస్తే ఎంత టెన్షన్ పడతామో కన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

నొప్పులొచ్చింది రాత్రిపూట. పక్కింటాయన ఆటో తీశాడు. దారిలో పోలీసులు ఆపారు. ఫైలు చూపిస్తే, 'ఫైళ్ళు పట్టుకొని ఊరికే తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు' అన్నారు. నేను ఆటో దిగి, కమ్మీ పట్టుకొని నిలబడ్డాక గానీ నమ్మలేదు. తోడు ఒక్కరే అని మా ఆయన్ను అక్కడే దింపేశారు, మా అత్త నాతో వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు బాగా చేశారు, ఆ సిస్టర్లకు చేతులెత్తి దండం పెడతాను.

2020 ఏప్రిల్ 14న కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో గర్భిణుల సేవలు, కాన్పులు అత్యవసర సేవలు, ఆపకూడదు అనే ఉంది. లేబర్ రూమ్ మూయలేదు, నిజమే. కానీ అక్కడికి చేర్చే ఆటో, నెలనెలా చూసే క్లినిక్, పక్కన నిలబడే అమ్మ, అన్నీ ఆగిపోయాయి. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మీకేం జరిగిందో రాయండి. ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు వద్దు.

పలమనేరు_బస్టాండు | పలమనేరు

మంచి పని చేశావమ్మా. మా వైపు సంగతి వేరు, మాది బార్డర్ కష్టం.

పలమనేరు, బంగారుపాళ్యం, గుడిపాల, చిత్తూరు వాళ్ళకు పెద్ద జబ్బొచ్చినా, కష్టమైన కాన్పయినా తమిళనాడులోని వేలూరు వెళ్ళడం తాతల కాలం నుంచి అలవాటు. చిత్తూరు నుంచి గంట ప్రయాణం కూడా లేదు. మా మొదటి బాబు అక్కడే పెద్దాపరేషన్‌తో పుట్టాడు. రెండోసారీ అక్కడే పేరు రాయించాం. స్కాన్లు, రక్త పరీక్షలు, పాత ఆపరేషన్ కాగితాలు మొత్తం అక్కడి ఫైల్లోనే ఉన్నాయి.

లాక్‌డౌన్‌తో రాష్ట్ర సరిహద్దు మూసేశారు. పాస్ కోసం ఆన్‌లైన్‌లో పెడితే ఒకసారి తిరస్కరించారు, ఇంకోసారి జవాబే లేదు. ఏప్రిల్ చివర్లో ఏం జరిగిందో ఇక్కడివాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మన జిల్లా నుంచి బండ్లు రాకుండా తమిళనాడు వైపు అధికారులు సైనగుంట దగ్గర, పొన్నై దారిలో ఇంకోచోట రోడ్డుకు అడ్డంగా సిమెంటు ఇటుకలతో గోడ కట్టించారు. చెక్‌పోస్టు కాదు, గోడ! అందరూ తిట్టిపోశాక తీసేశారు. ఆ ఫొటో వాట్సాప్‌లో వచ్చినప్పుడు మా ఆవిడకు ఎనిమిదో నెల. ఫోన్ నా చేతికిచ్చి, 'అంబులెన్స్ వస్తే దీన్ని ఎలా దాటుతుంది' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

చివరికి చిత్తూరులోనే చేయించాం. అక్కడి డాక్టరమ్మ మొదట అడిగింది పాత ఆపరేషన్ కాగితం. గర్భసంచి మీద కోత అడ్డంగా పెట్టారా, నిలువుగానా అని. మాకేం తెలుసు? కడుపు మీద గీత అడ్డంగా ఉంటే లోపలా అలాగే ఉంటుందని చెప్పలేమట. వేలూరులో తెలిసినవాళ్ళ చేత అడిగించి, ఆ కాగితం ఫొటో తెప్పించుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పాప క్షేమం, తల్లి క్షేమం. అయినా ఆ నెలన్నర మా ఇంట్లో ఎవరూ కడుపునిండా తిన్నది లేదు.

స్వర్ణముఖి_గట్టు | శ్రీకాళహస్తి

మాది రెడ్‌జోన్. ఏప్రిల్‌లో జిల్లాలో ఎక్కువ కేసులొచ్చిన ఊళ్ళలో మాది ముందుంది. వీధి మొదట్లో, చివర్లో కట్టెలు అడ్డంగా కట్టేశారు. పాలు, కూరగాయలు వాలంటీర్లు తెచ్చిచ్చేవాళ్ళు, అంగన్‌వాడీ గుడ్లు కూడా ఇంటికే వచ్చేవి. ఆ మాటకొస్తే మాకు తిండికి లోటు రాలేదు.

మా చెల్లికి తెల్లవారుజామున ఉమ్మనీరు పోయింది. 108 వచ్చింది గానీ కట్టెల అవతలే ఆగిపోయింది. కట్టెలు విప్పాలంటే పైనుంచి ఎవరో చెప్పాలట. ఆ తడిచీరతోనే చెల్లిని వీధి చివరిదాకా నడిపించి, కట్టెల కింద నుంచి వంగబెట్టి అవతలికి పంపాం. నిండు గర్భిణి వంగడం ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. అడ్డం కట్టడం తప్పని నేననను, ఊళ్ళో జబ్బు అట్లా ఉంది. కానీ ఆ వీధిలో నెలలు నిండిన ఆడపిల్ల ఉందని ఆశా దగ్గర, ఏఎన్ఎం (ఊరి నర్సమ్మ) దగ్గర రాసే ఉంది కదా. ఆ కాగితం ఒక్కటి పోలీసుల చేతికి చేరి ఉంటే ఎంత బాగుండేది!

తెల్లకోటు_సిస్టర్ | తిరుపతి

నేను ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సును. చంద్రగిరి చెల్లీ, నీ మాట చదివి కళ్ళు చెమ్మగిల్లాయి.

మా వైపు నుంచీ కొంత చెప్పాలి. ప్రైవేటువి చాలా మూతపడేసరికి కేసులన్నీ మా మీదే పడ్డాయి. చూపించుకున్న కార్డు లేదు, బ్లడ్ గ్రూప్ తెలీదు, చివరి స్కాన్ ఎప్పుడో తెలీదు. నేరుగా నొప్పులతో వచ్చేవాళ్ళు. పీపీఈ కిట్ వేసుకుని కాన్పు చేయడం ఎలా ఉంటుందంటే, లోపల చెమట కాలువలు కడుతుంది, కళ్ళద్దాలకు ఆవిరి పట్టి బిడ్డ తల కనబడదు. ఆయాసపడుతున్న తల్లికి ధైర్యం చెబుదామంటే మాస్కుల్లోంచి మా మాట ఆమెకు వినబడదు. చేతులతో సైగలు చేసేవాళ్ళం.

కరోనా పరీక్ష గురించి చాలామందికి అపోహ ఉంది. 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చెప్పింది ఏమిటంటే, కంటైన్‌మెంట్ ప్రాంతాల నుంచి, అంటే కేసులొచ్చి మూసేసిన చోట్ల నుంచి, నొప్పులతో వచ్చినవాళ్ళకు, 5 రోజుల్లో కాన్పయ్యేలా ఉన్నవాళ్ళకు లక్షణాలు లేకపోయినా పరీక్ష చేయమని. మే నెలలో ఇచ్చిన సూచనల్లో ఇంకో మాట స్పష్టంగా రాశారు: పరీక్ష కాలేదన్న కారణంతో కాన్పుతో సహా ఏ అత్యవసర చికిత్సనూ ఆలస్యం చేయకూడదు. ఈ రెండో మాట చాలా గేట్ల దగ్గరికి చేరలేదు. 'రిపోర్టు తెస్తేనే లోపలికి' అని వెనక్కి పంపితే, మా దగ్గరికి వచ్చేసరికి బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోయిన కేసులు చూశాను. ట్రూనాట్ అనే కరోనా పరీక్ష మిషన్లు వచ్చాక ఫలితం త్వరగా తెలిసేది, అంతకు ముందు ఎదురుచూపే.

పుత్తూరు_పిల్ల | ప్రస్తుతం బెంగళూరు

సిస్టర్ గారూ, మీ కష్టానికి నమస్కారం. కానీ ఒక మాట అడగాలి. తోడు ఎవరినీ ఎందుకు రానివ్వలేదు?

నాది తొలి కాన్పు. మా ఇళ్ళలో తొలి కాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలో సీమంతం చేసి తీసుకెళ్ళాలని అమ్మ చీర, గాజులు అన్నీ కొని పెట్టుకుంది. బార్డర్ దాటలేక బెంగళూరులోనే ఉండిపోయాను. ఆ చీర పోస్టులో కూడా రాలేదు. ఆసుపత్రిలో భర్త గేటు బయటే ఉండాలన్నారు. పధ్నాలుగు గంటలు నొప్పులు పడ్డాను, మంచినీళ్ళు ఇవ్వడానికి కూడా మనవాళ్ళు అనే మనిషి లేరు. నాకు కన్నడ సరిగా రాదు. నా టెస్టు రిపోర్టు రాలేదని పుట్టిన బాబును వేరే గదిలో పెట్టి, మరుసటి రోజు గానీ ఇవ్వలేదు. మొదటి పాలు డబ్బాపాలే పట్టారు. ఆ తర్వాత చాలా నెలలు కారణం లేకుండా ఏడుపొచ్చేది. బాలింతకు వచ్చే దిగులని, దానికి వైద్యం ఉంటుందని అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు.

తెల్లకోటు_సిస్టర్ | తిరుపతి

అమ్మా, నీకు జరిగింది చదివితే బాధగా ఉంది. నిజం చెప్పాలంటే మా దగ్గర కూడా మొదట్లో తోడును ఆపారు. ఒక్క వార్డులో ఇరవై మంది తల్లులుంటే ఇరవై మంది తోడు, వాళ్ళకో భోజనం తెచ్చేవాళ్ళు. భయపడ్డాం. మా స్టాఫ్‌లోనే వరసగా జబ్బు పడ్డారు. ఆ నిర్ణయాన్ని నేను పూర్తిగా తప్పు అనలేను.

స్త్రీవైద్యం_మదనపల్లె | మదనపల్లె

గైనకాలజిస్టును. పై రెండు పోస్టులకు కలిపి చెబుతాను.

సిస్టర్ గారి భయం అర్థమవుతుంది గానీ, ఒక్క తోడు అనేది వైద్యంలో భాగమే, మనం చూపే దయ కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల లేబర్ రూముల్లో తోడు మనిషిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. కోవిడ్ సమయంలో కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట మార్చలేదు. జబ్బు లక్షణాలు లేని ఒక మనిషి, మాస్కుతో, మధ్యలో మారకుండా ఉంటే చాలు. బిడ్డను విడదీయడం కూడా అంతే. తల్లికి పాజిటివ్ అయినా మాస్కు పెట్టుకొని, చేతులు కడుక్కొని పాలివ్వవచ్చని, బిడ్డను ఒంటికి ఆనించుకోవచ్చని ఆ సంస్థ 2020లోనే చెప్పింది. పాజిటివ్ అన్న ఒక్క కారణంతో పెద్దాపరేషన్ చేయాల్సిన పనీ లేదు. అయినా చేశారు.

నాకు దిగులు పుట్టించినది వేరే ఉంది. కాన్పు రోజు కష్టం కళ్ళకు కనబడుతుంది. ఆగిపోయిన చెకప్పుల నష్టం కనబడదు.

ఐదో నెల స్కాన్ ఉంది కదా, బిడ్డ అవయవాలు చూసేది, టిఫా అంటారు. 18 నుంచి 20 వారాల మధ్య చేయించాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ వారాలు దాటిపోయినవాళ్ళు ఎందరో. అప్పటి చట్టం ప్రకారం 20 వారాలు దాటితే, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం తీయడానికి కుదరదు. బిడ్డకు తలలోనో వెన్నులోనో తీవ్రమైన లోపం ఉందని 26వ వారంలో తెలిసి, నా ముందు కూర్చుని 'ఇప్పుడేం చేయాలి మేడమ్' అని అడిగిన దంపతులున్నారు. 2021లో చట్టం మార్చి కొన్ని వర్గాలవారికి 24 వారాల దాకా పెంచారు, తీవ్ర లోపాలున్నప్పుడు మెడికల్ బోర్డు అనుమతితో ఆ తర్వాతా వీలు కల్పించారు. నా దగ్గరికి వచ్చిన ఆ దంపతులకు అది అందలేదు.

షుగర్ పరీక్ష, 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలకు రక్తం తీసేది, అదీ తప్పిపోయింది. తల్లిది నెగటివ్ బ్లడ్ గ్రూపై బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. అది పడకపోతే నష్టం ఈ బిడ్డకు కాదు, తర్వాతి బిడ్డకు. అన్నిటికన్నా భయం బీపీ కేసులతో. తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం వాపు వస్తే 'ఎండకు' అని ఇంట్లోనే పడుకోబెట్టారు. ఫిట్స్ వచ్చాక, అంటే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది వచ్చాక, మోసుకొచ్చారు. ఫోన్ వైద్యానికి 2020 మార్చి 25నే మార్గదర్శకాలొచ్చాయి, మన రాష్ట్రంలో 14410 నంబరు పెట్టారు, మంచిదే. ఫోన్‌లో ధైర్యం చెప్పగలం, మందు చెప్పగలం. బీపీ చూడలేం, బిడ్డ గుండె వినలేం.

నగరి_నాయుడన్న | నగరి

అందరూ చెడే రాస్తున్నారు. మా కోడలికి లాక్‌డౌన్ కలిసొచ్చింది. మా అబ్బాయి చెన్నైలో ఉద్యోగం, ఇంటి నుంచే పని. పొద్దస్తమానం పెళ్ళాం పక్కనే ఉన్నాడు. బయటి తిండి లేదు, బస్సు ప్రయాణాలు లేవు, పురిట్లో చూడ్డానికి వచ్చే జనం లేరు. బిడ్డకు ఒక్క జలుబు రాలేదు. డెన్మార్క్‌లో, ఐర్లాండ్‌లో లాక్‌డౌన్‌లో మరీ నెలలు తక్కువ పుట్టే పిల్లలు తగ్గారని పేపర్లో చదివాను. అదీ చెప్పాలి కదా.

ప్రజారోగ్యం_విద్యార్థి | తిరుపతి

నాయుడన్నా, మీరు చదివింది నిజమే, ఆ రెండు దేశాల నుంచి అలాంటి లెక్కలొచ్చాయి. కానీ మన పరిస్థితికి దగ్గర నేపాల్. అక్కడ 9 ఆసుపత్రుల లెక్కలు తీసి లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో 2020లో వేశారు. లాక్‌డౌన్‌లో ఆసుపత్రి కాన్పులు సగానికి పైగా పడిపోయాయి. ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో కూడా చనిపోయి పుట్టిన బిడ్డలు వెయ్యికి 14 నుంచి 21కి, పుట్టాక పోయిన పసికందులు వెయ్యికి 13 నుంచి 40కి పెరిగారు. 2021లో అదే పత్రికలో 17 దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే, చనిపోయి పుట్టడాలు, తల్లుల మరణాలు రెండూ పెరిగాయి, పేద దేశాల్లో మరీ ఎక్కువ. నెలలు తక్కువ కాన్పులు కొంచెం తగ్గింది ధనిక దేశాల్లోనే.

మీ కోడలికి ఇంట్లో మనిషి, జీతం, బండి మూడూ ఉన్నాయి. అవి ఉన్నవాళ్ళకు విశ్రాంతి దొరికింది, సంతోషం. అదే మే నెలలో నాసిక్ నుంచి మధ్యప్రదేశ్ నడిచి పోతూ ఒకమ్మ రోడ్డు పక్కనే కని, కాసేపు ఆగి, బిడ్డను ఎత్తుకొని మళ్ళీ నడిచింది. లాక్‌డౌన్ ఆమెకూ ఒకటే, మీ కోడలికీ ఒకటే. చేతిలో ఉన్నవే వేరు.

నగరి_నాయుడన్న | నగరి

నిజమే నాయనా. ఆ తల్లి సంగతి నేనూ టీవీలో చూశాను. కాదనను.

పీలేరు_అన్నపూర్ణ | పీలేరు

అందరూ 2020 గురించే రాస్తున్నారు. మా ఇంటి కష్టం 2021 మేలో.

మా మరదలికి ఏడో నెల. మా తమ్ముడికి ముందు కరోనా వచ్చింది, తర్వాత ఆమెకు. రెండో రోజుకే ఆయాసం. ఆక్సిజన్ పడకల కోసం ఎన్ని చోట్ల తిరిగామో, ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నామో నేను రాయలేను. చివరికి దొరికింది. బిడ్డను ఆపరేషన్ చేసి తీశారు, ఆమెను కాపాడలేకపోయారు. పాప మా దగ్గరే ఉంది, నన్నే అమ్మా అంటుంది.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. జనవరి నుంచి టీకాలు వేస్తున్నారు. మా మరదలు అంగన్‌వాడీలో అడిగింది కూడా. గర్భిణులకు వేయరాదన్నారు. బాలింతలకు మే 19న ఒప్పుకున్నారు, గర్భిణులకు జూలై 2న. గర్భిణులకు ఈ జబ్బు వస్తే మామూలు వాళ్ళకన్నా ప్రమాదమని అప్పటికే డాక్టర్లకు తెలుసు కదా. మరి టీకా దగ్గర వాళ్ళను ఎందుకు చివర నిలబెట్టారు? మేడమ్, మీరు చెప్పగలరా?

స్త్రీవైద్యం_మదనపల్లె | మదనపల్లె

అమ్మా, ముందుగా మీ చేతులు పట్టుకుంటున్నాను.

టీకాల ప్రయోగాల్లో మొదట గర్భిణులను చేర్చలేదు. బిడ్డకు ఏమైనా అవుతుందేమోనన్న భయం. ప్రయోగంలో లేరు కాబట్టి లెక్కలు లేవు, లెక్కలు లేవు కాబట్టి వేయొద్దన్నారు. వేరే దేశాల్లో వేసుకున్న గర్భిణుల లెక్కలు వచ్చాక ఇక్కడా ఒప్పుకున్నారు. ఈలోపు డెల్టా రకం కరోనా వచ్చేసింది. మా డాక్టర్ల సంఘాలు ముందు నుంచీ అడుగుతూనే ఉన్నాయి. మీ ప్రశ్న న్యాయమైనది. రేపు ఇంకో జబ్బుకు టీకా వస్తే గర్భిణులను మొదటి నుంచే ప్రయోగాల్లో, జాగ్రత్తలతో, వాళ్ళ ఒప్పుదలతో చేర్చాలి. నా అభిప్రాయం ఇది, గట్టిగా చెబుతున్నాను.

ఆశా_పాకాల | పాకాల మండలం

నేను ఆశా వర్కర్‌ను. ఫోన్‌లో టైపు చేయడం మా అబ్బాయి నేర్పించాడు, తప్పులుంటే సర్దుకోండి.

శ్రీకాళహస్తి అన్న రాసిన కాగితం సంగతి నాకు బాగా తగిలింది. ఎందుకంటే మా ఊళ్ళో ఆ పని చేశాం. పొద్దున బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ సర్వే, జ్వరాల లెక్క. సాయంత్రం గర్భిణుల ఇళ్ళు. మా రిజిస్టర్ వెనక పేజీలో ఆ నెల, వచ్చే నెల కాన్పయ్యేవాళ్ళ పేర్లు, తారీఖు, బ్లడ్ గ్రూపు, ఎవరి బండి వస్తుంది అన్నీ రాసుకున్నాను. మా సచివాలయం మహిళా సంరక్షణ కార్యదర్శి ఆ పేజీ ఫొటో తీసి స్టేషన్‌కి పంపింది. ఊళ్ళో ఇద్దరు ఆటోవాళ్ళ నంబర్లు కూడా. అర్ధరాత్రి ఆటో వెళ్తే చెక్‌పోస్టు దగ్గర పేరు చెబితే చాలు, వదిలేవాళ్ళు. ఎవరూ జీవో ఇవ్వలేదు, మేమే అనుకుని చేశాం.

బుధవారం, శనివారం వేసే పిల్లల టీకాలు కొన్ని వారాలు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాక తల్లులు భయపడి రాలేదు. ఇంటింటికీ వెళ్ళి దూరం దూరంగా నిలబెట్టి వేయించాం. ఐరన్ మాత్రలు గుమ్మంలో పెట్టి వచ్చేదాన్ని. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, కాపర్-టీ కూడా ఆగిపోయాయి. వద్దనుకున్నా కడుపొచ్చి, చిన్న బిడ్డను చంకనేసుకుని నా దగ్గర ఏడ్చినవాళ్ళున్నారు. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే రాశాను.

2020 జూలై 1న 108, 104 కలిపి 1088 కొత్త బండ్లు వచ్చాయి. ఆ తర్వాత మాకు చాలా తేలికయింది. మార్చి, ఏప్రిల్‌లో అవి ఉండి ఉంటే!

స్వర్ణముఖి_గట్టు | శ్రీకాళహస్తి

అక్కా, నీ ఊరి పేరు చెప్పకపోయినా ఆ ఊరికి నా నమస్కారం. మా చెల్లికి అదే కావాల్సింది.

చంద్రగిరి_కోడలు | చంద్రగిరి

ఆశా అక్కా, ఈ వెనక పేజీ పద్ధతి ప్రతి సచివాలయంలో ఇప్పుడే మొదలుపెట్టాలి. జబ్బే రానక్కర్లేదు. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగింది, తిరుపతిలోనే వీధులు మునిగాయి, అప్పుడూ ఇదే సమస్య. మా సచివాలయంలో నేను అర్జీ ఇస్తాను. మిగతావాళ్ళు మీ ఊళ్ళో అడగండి.

పలమనేరు_బస్టాండు | పలమనేరు

మేడమ్, చివరగా ఒక సందేహం. మా తమ్ముడి భార్యకు ఇప్పుడు ఆరో నెల. మొదటిది పెద్దాపరేషనే, వేరే ఊళ్ళో. డిశ్చార్జి కాగితం పోయింది. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ ఇస్తారా?

స్త్రీవైద్యం_మదనపల్లె | మదనపల్లె

ఇవ్వాలి. రోగిగానీ, ఆమె తరఫువాళ్ళుగానీ అడిగితే 72 గంటల్లో రికార్డుల నకలు ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమావళిలో 2002 నుంచీ ఉంది. అయితే ఆసుపత్రి ఆ రికార్డులు మూడేళ్ళే దాచాలన్నది నియమం, కాబట్టి ఆలస్యం చేయకండి. రాతపూర్వకంగా అడగండి, అర్జీ మీద తారీఖు వేయించుకోండి. డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్స్ అని విడిగా అడగండి, కోత ఎలా పెట్టారో అందులోనే ఉంటుంది. వచ్చాక ఫొటో తీసి ఆమె ఫోన్‌లో, మీ తమ్ముడి ఫోన్‌లో, వాళ్ళమ్మ ఫోన్‌లో పెట్టండి. ఒకవేళ దొరక్కపోతే దిగులు పడొద్దు, 36 వారాలలోపు ఆపరేషన్ వసతి, రక్తనిధి ఉన్న ఆసుపత్రిలో చూపించి, కాన్పు అక్కడే ప్లాన్ చేసుకోండి. నొప్పులొచ్చేదాకా ఇంట్లో ఆగొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.